అందరి పుట్టినరోజు

“తల్లీ తండ్రీ, ఇద్దరు కూతుళ్ళూ, అందరూ జనవరి ఒకటినే పుట్టారా?” మెల్‌బోర్న్ వీసా ఆఫీసులో డెస్మండ్ పెన్ను కింద పెట్టాడు. “నమ్మమంటారా?”

పాకిస్తాన్‌లోని క్వెట్టాలో చిక్కుకుపోయిన కూతుళ్ళను రప్పించుకోవాలని వచ్చిన గుల్‌చమన్ పెద్దమ్మకి ఆ మాట మా హజారా భాషలో చెప్పాను. నేను ఆ ఆఫీసు దుబాసీని.

“నలుగురేం ఖర్మ, మా ఊరంతా ఆరోజే,” అందామె. “అఫ్ఘాన్ సరిహద్దు దాటాక శరణార్థి కార్డులు రాసినాయన, తేదీ తెలియని వాళ్ళందరికీ అదే వేశాడు.”

“అయితే అసలు తేదీలు చెప్పమనండి.”

“పెద్దది ఆప్రికాట్లు రాలే రోజుల్లో పుట్టింది. చిన్నది మా ఆవు ఈనిన రాత్రి, మోకాళ్ళ లోతు మంచులో.”

ఆవును దరఖాస్తులో ఏ గడిలో పెట్టాలో డెస్మండ్‌కి తోచలేదు. గడి ఖాళీగా వదిలేసి మీట నొక్కాడు. కంప్యూటరే ఒక తేదీ వేసుకుంది. తొంగి చూశాను. జనవరి ఒకటి.

అతని చెవులు ఎర్రబడ్డాయి. “అది మా పద్ధతి. వీళ్ళు మాత్రం సాక్ష్యం తేవాల్సిందే.”

పెద్దమ్మ అతనికేసి జాలిగా చూసింది. “నువ్వెప్పుడు పుట్టావు బాబూ?”

“జూన్ పదిహేడు.”

“ఆవేళ పుట్టినట్టు నీకు గుర్తుందా?”

“ఎలా ఉంటుంది? మా అమ్మ చెప్పింది.”

“నమ్మేశావా?”

“అమ్మ చెబితే నమ్మనా?” అనేశాడు.

పెద్దమ్మ తలమీది చాదర్ సర్దుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది.

“అయితే రాసుకో. వాళ్ళమ్మ చెబుతోంది. పెద్దది ఆప్రికాట్లు రాలే రోజుల్లో పుట్టింది...”