వరసలో మూడో మనిషి

"పెద్దాయనా, కాస్త లేచి మా పక్కన నిలబడతారా?" అన్నాడు ఫదూల్.

శుక్రి చేదు కాఫీ గుటక వేసి తలెత్తాడు. బీరూట్‌కి ఎగువనున్న ఆ కొండ ఊళ్లో చావు పరామర్శకి బంధువుల్లో మగాళ్లు గోడవార వరసగా నిలబడాలి. వచ్చినవాళ్లు ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంటూ సాగాలి. ఇక్కడ వరసంటే పోయిన నసీబ్ పెదనాన్న కొడుకు ఫదూల్, మోకాళ్ల నొప్పులతో కుర్చీలో కూలబడ్డ వాళ్ల బాబాయి. మిగతా వంశమంతా బ్రెజిల్లో, ఘనాలో, ఆస్ట్రేలియాలో హాయిగా వరస కట్టింది.

"నేను మీవాణ్ణి కాదు కదా."

"మా నసీబ్‌తో ఒకే గదిలో బతికారు. మాకంటే మీరే నయం. రండి, ఇంత పెద్ద గోడకి ఇద్దరమేంటని ఊరు నవ్వుతోంది."

శుక్రి లేచి నిలబడ్డాడు. ఎవరెవరో ఆయన చెయ్యి పట్టుకుని "మీరైనా చల్లగా ఉండాలి" అన్నారు. బీరూట్ అనాథాశ్రమంలో పెరిగిన మనిషి. ఇంతమంది తన చెయ్యి పట్టుకోవడం ఆయనకిదే మొదలు.

జనం పలచబడ్డాక నసీబ్ చెల్లెలు అఫీఫె వచ్చి ఎదురుగా కూచుంది. నల్ల బట్టలు, తడిలేని కళ్లు. చావు కబురు ముందే పంపినా, ఈమెకి ఒక మాట ఎదురుగా చెప్పిపోదామనే శుక్రి నైజీరియా నుంచి వచ్చాడు. దారంతా ఆ మాటే నములుతూ వచ్చాడు.

"ఎలా పోయాడన్నా?"

"జ్వరం. దోమల జ్వరం."

"పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"నేనున్నాను. మట్టి కూడా నేనే వేశాను."

"నా పెళ్లికి ఇంటి మీద ఎర్ర పెంకులు వేయించాడు. మనం కూచున్న ఈ ఊరుమ్మడి హాలు వాడి డబ్బే. కొండ మీదకి నీళ్లూ వాడి డబ్బే. మనిషి మాత్రం రాడు. అమ్మ పోతే రాలేదు. పోనీ ఫోనైనా చెయ్యడు. వాడి గొంతెలా ఉండేదో మర్చిపోయాను."

"అక్కడ మా కొట్టు వదిలి రావడం కుదరలేదేమో."

"వెనకేసుకు రాకండి. అదేం కొట్టో, నలభై ఏళ్లలో ఒక్కరోజు కూడా తాళం పడలేదు కాబోలు."

"ఇప్పుడు పడిందమ్మా. నాకింక ఓపిక లేదు. అమ్మేశాను."

అఫీఫె ఖాళీ కప్పులు ఒక దగ్గరికి చేర్చింది.

"డబ్బు పంపేవాడికి మనసుండాలనేం లేదు. వాణ్ణి నేను క్షమించలేనన్నా."

శుక్రి నోరు తెరిచాడు. ఫదూల్ అడ్డొచ్చాడు.

"ముందు ఆయనకి పడక చూడవే. చివరి బస్సు పోయింది. నీ సణుగుడు మీద పడుకోమంటావా?"

"పడకకేం? మా ఇంటి మేడ మీద అన్నయ్య గదుంది. ఏటా వేసవికి సున్నం వేయించి పరుపు ఎండేస్తూనే ఉన్నా. వాడెలాగూ రాలేదు, మీరుండండి. ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు. మీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"అయితే లేవండి. ఇంతకీ ఏదో చెప్పబోయారు?"

శుక్రి లేచాడు.

"ఏం లేదమ్మా. వాడు నిన్ను చాలా తలుచుకునేవాడు."

నసీబ్ ఆఫ్రికా చేరిన మొదటి వానల్లోనే, నలభై ఏళ్ల కిందటే పోయాడు.