నాలుగు చెవుల పెట్టె

కాలువ గట్టున ఏ రైతు ముందు గొంతు పెంచితే ఆ రైతు మడికి ఆ రోజు నీళ్లు బందు. తీర్పు చెప్పేది తూము మీద బిగించిన పెట్టె. దానికున్న నాలుగు చెవులూ మాటకొకటి చొప్పున వంతులేసుకుని వింటాయి. అందులో మొదటి చెవికి దోమ మూలిగినా ఏనుగు ఘీంకారమే. అందుకే అప్పలకొండ ఎంత మెల్లగా పలికినా, నాలుగు మాటల్లో ఒకదాన్ని పెట్టె “అరుపు” అనేది. నీళ్లు మూడుసార్లు తప్పి ఆమె వరినారు పసుపు తిరిగింది.

పోరగా పోరగా మెకానిక్ గవరయ్య వచ్చాడు. నాలుగు చెవులకూ ఒకే ఈల వినిపించి మరలు తిప్పాడు.

“ఇప్పుడు నాలుగూ ఒక్కలాగే ఇంటన్నాయమ్మా. ఎంట్రుకవాసి తేడా నేదు!”

“దేనికి సరిపెట్టినావు బాబూ?” అతను తీర్పు మీట వేయకముందే అప్పలకొండ గుసగుసగా అడిగింది.

“మొదటిదానికే. అన్నిట్లో పెద్ద చెవి కదా, ఆ మాత్రం మర్యాదుండక్కర్నేదేటి?” అంటూ మీట వేశాడు.

పక్క మడి సూరప్పడు పెదవి విప్పకుండా, కళ్లెగరేసి వెక్కిరించాడు. అప్పలకొండ పళ్లు బిగబట్టి, ఊపిరంత గొంతుతో అంది.

“నీ చేతులు ఇరిగిపోను, గవరయ్యా.”

“అరుపు,” అన్నాయి నాలుగు చెవులూ, ఈసారి ఏ అనుమానమూ లేకుండా. తూము తలుపు దభీమని దిగింది.