కారు కింద పిలుపు

పెద్దతనంలో అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే, కథ మెల్లగా నడిస్తే మన్నించండి.

కరెంటు ఇంకా రాని కోస్గిలో చీకటి పడింది. ఇంట్లో కూతురికి పురిటి నొప్పులు. పాలమూరు దవాఖానకు పోవాలంటే, వాకిట్లో విప్పి పెట్టిన పాత కారు స్టీరింగు బిగించక తప్పదు. మల్లప్ప కారు కింద దూరాడు. పైన భార్య సైదమ్మ చక్రం పట్టుకుంది. గొర్రెలు కాసిన మనిషి గనుక అతనివి మంద సైగలే. నాలుక టకటకలాడిస్తే తిప్పాలి, ఈల వేస్తే ఆపాలి.

"గట్టిగ పట్టు. పొట్టేలు కొమ్ములనుకున్నవా?"

"నా పట్టుకేమైంది? నువ్వు జల్ది కానియ్యి."

మల్లప్ప ఏదో అన్నాడు గానీ, లోపల బిడ్డ గట్టిగా అరిచిన అరుపులో సైదమ్మకు వినబడలేదు. ఆ వెంటనే కారు కింద టకటక వినిపించింది. సైదమ్మ తిప్పింది. ఈల వినగానే ఆపింది. కింద బోల్టు బిగిసిన చప్పుడైంది. అంతసేపూ వదులుగా ఊగిన చక్రం చేతుల్లో కుదురుకుంది.

అప్పుడు ఇంటి వెనక నుంచి మల్లప్ప కందెన డబ్బాతో వచ్చాడు.

"కందెన తెస్తనంటి గద! ఎవరి కోసం తిప్పుతున్నవే?"

కారు కింద నుంచి మందను దారి పట్టించే పొడుగాటి పిలుపు వినిపించింది. పోయినేడు కాలం చేసిన మల్లప్ప తండ్రి పిలుపది.

"బాపూ?" అన్నాడు మల్లప్ప.

సైదమ్మ చక్రం వదలలేదు.

"నిలవడి చూస్తవేంది? బిడ్డను ఎక్కియ్యి."

— యాదమ్మ, డెబ్బై ఒక్కేండ్లు, ఇప్పుడు ఉండేది మక్తల్‌లో.