ఎడమ మోకాలు

లైల్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ దగ్గరికి వెళ్లాడు, వచ్చాడు. కాఫీ పోసుకున్నాడు, తాగకుండా బల్ల మీద పెట్టేశాడు. అక్కడ అలాంటి కప్పులు అప్పటికే రెండు చల్లారిపోయి ఉన్నాయి.

గోడ మీద గడియారం వెనక్కి నడుస్తోంది. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో వాళ్ల జట్టు వంతు వచ్చేసింది. కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ముగించుకుని వచ్చిన కుర్రాళ్లలో ఒకడి పేరు చెప్పడానికి ఇచ్చేది పది నిమిషాలే. ఈలోగా తేల్చుకోకపోతే వెనకున్న జట్టు తన్నుకుపోతుంది.

పొద్దున్నుంచి లైల్ నోట్లో నానుతున్న పేరు ఒకటే. జవారిస్ పెట్‌వే. బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తాడంటే వాణ్ణి ఆపడం ఎవరి తరమూ కాదు. అలాంటివాణ్ణి ఇంతసేపూ ఎవరూ ఎందుకు ముట్టుకోలేదంటే, ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. దెబ్బల పుట్ట అని పేరు పడిపోయింది.

"ఆ భుజం కుర్రాణ్ణి మర్చిపోయావా, లైల్?" అన్నాడు జట్టు మేనేజర్ మెర్సర్, పేర్ల బోర్డు మీంచి చూపు తిప్పకుండా.

ఎలా మర్చిపోతాడు? భుజం జారే అలవాటున్న కుర్రాణ్ణొకణ్ణి తీసుకోమని ఇదే గదిలో బల్ల గుద్ది చెప్పింది లైలే. ఆ కుర్రాడు మొదటి ఆటలోనే భుజం పట్టుకుని బయటికొచ్చాడు, మళ్లీ మైదానంలోకి వెళ్లలేదు. ఆటగాళ్లను వెతికిపెట్టే లైల్ ఉద్యోగం అప్పటినుంచీ దినదిన గండంగానే ఉంది.

"ఈసారి వీడు కుంటితే నువ్వు కూడా వీడి వెనకే కుంటుకుంటూ ఇంటికి పోవాల్సిందే. ముందే చెబుతున్నా," అన్నాడు మెర్సర్.

అందుకే ఈసారి లైల్ ఎవరి మాటా నమ్మలేదు. ఫిబ్రవరిలో కుర్రాళ్లందరినీ ఒకచోట చేర్చి పరీక్షలు చేసినప్పుడు దగ్గరుండి చూశాడు. అదో సంత. జట్టుకో డాక్టరు చొప్పున వరసకట్టి, వచ్చినవాడల్లా ఆపరేషన్ మచ్చలున్న ఆ మోకాలు పట్టుకుని లాగాడు, వంచాడు, మెలిపెట్టాడు. బాగున్న కాలైనా ఆ దెబ్బకి కుంటాల్సిందే. జవారిస్ మాత్రం బల్ల మీద పడుకుని నవ్వుతూనే ఉన్నాడు. ఇంకెవరైనా మిగిలారా సార్, మొహమాటపడకండి అన్నాడు.

అదీ చాలక లైల్ అలబామా వెళ్లి వాళ్లింట్లో కూర్చున్నాడు. జవారిస్ తల్లి లోరీన్ చేపలు వేయించి పెట్టింది. కోళ్ల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కోసీ కోసీ ఆమె వేళ్లు వంకర తిరిగిపోయాయి. తింటున్నాడే గానీ లైల్ కళ్లు కుర్రాడి కాళ్ల మీదే ఉన్నాయి. గుమ్మంలో నిలబడి మాట్లాడినంతసేపూ వాడు బరువంతా ఎడమకాలి మీదే మోపాడు. మేడ ఎక్కేటప్పుడు ప్రతి మెట్టుకీ ఎడమకాలే ముందు వేశాడు. ఆపరేషన్ అయిన కాలు మీద ఇంత ధీమా లైల్ ఎక్కడా చూడలేదు.

కాస్త పరిగెత్తి చూపించమంటే, తన బేరాలు చూసే ఏజెంటు ఒప్పుకోడని చెప్పాడు. కావాలంటే ఇది చూడండంటూ ఒంటికాలి మీద, ఆ ఎడమకాలి మీదే, పెరడంతా గెంతి వచ్చాడు. లైల్‌కి వాణ్ణి కావలించుకోవాలనిపించింది.

లోరీన్ ఇంకో చేప ముక్క వడ్డించి, ఎవరూ అడక్కుండానే బైబిల్ మీద చెయ్యి పెట్టింది.

"వాడి ఎడమ మోకాలికి ఏమీ లేదండీ. దేవుడి ముందు అబద్ధం ఆడే మనిషిని కాను నేను."

గడియారంలో మూడు నిమిషాలు మిగిలాయి. వెనకున్న జట్టు కూడా జవారిస్ మీదే కన్నేసిందని ఎవరో వచ్చి చెప్పారు. లైల్ మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లొచ్చాడు. టై వదులు చేసుకున్నాడు, మళ్లీ బిగించుకున్నాడు. మెర్సర్ జట్టు డాక్టరు వైపు తిరిగాడు.

"ఆ మోకాలికి ఎన్ని పరీక్షలున్నాయో అన్నీ చేశాను," అన్నాడు డాక్టరు. "మీ మోకాలికంటే, నా మోకాలికంటే గట్టిగా ఉంది. నన్నడిగితే తీసుకోండి."

మెర్సర్ మళ్లీ బోర్డు వైపు తిరిగాడు. ఆఖరి నిమిషం కూడా కరగడం మొదలైంది. లైల్‌కి రేపట్నుంచి వేరే ఊళ్లో వేరే పని వెతుక్కుంటున్నట్టే అనిపించింది.

"సరే కానీండి. పేరు పంపించండి," అన్నాడు మెర్సర్.

గదంతా చప్పట్లు. లైల్ కుర్చీలో కూలబడి, చల్లారిన కాఫీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తాగేశాడు. తర్వాత అలబామాకి తనే ఫోన్ చేశాడు.

అక్కడ ఆ చిన్న హాల్లో ఇసకేస్తే రాలనంత జనం. మేనత్తలు, మేనమామలు, చర్చివాళ్లు, ఆఖరికి ఫ్యాక్టరీలో లోరీన్ పక్కన నిలబడే వాళ్లు కూడా వచ్చారు. ఫోన్ మోగగానే ఎవరో టీవీ నోరు మూయించారు. జవారిస్ సోఫాలోంచి లేవకుండానే ఫోన్ అందుకున్నాడు. థాంక్యూ సార్ అన్నాడు. లోరీన్ ఏడ్చేసింది.

"ఆ మోకాలు జాగ్రత్త నాయనా," అన్నాడు లైల్. "నా బతుకంతా దాని మీదే నిలబడి ఉంది."

"దానికేం కాదు సార్. మీరు నిశ్చింతగా ఉండండి."

జనమంతా కేకు మీద పడ్డాక, లోరీన్ కొడుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లి, తలుపు గడియ పెట్టి, రోజూ కట్టే ఐసు సంచిని వాడి కుడి మోకాలికి కట్టింది.