అమ్ముకున్న గొంతు

బోరబండలో బ్లేడ్ నితిన్ అంటే ఒకప్పుడు హడల్. కత్తుల మీద, కేసుల మీద ర్యాప్ కట్టి, ప్రతి పాటలోనూ విడిపోయిన దోస్తు భార్గవ్‌ను పేరుపెట్టి తిట్టేవాడు. పాటగాళ్లంతా గుట్టుగా గొంతులు అమ్ముకుంటున్న కాలం వచ్చింది. ముప్పయ్యో ఏట నితిన్ కూడా తన గొంతును, ఆ పగతో సహా, ఒక కంపెనీకి అమ్మేసి ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి కంపెనీ యంత్రమే వారానికో కొత్త పాట కడుతోంది, అదే కుర్ర గొంతుతో, అదే భార్గవ్‌ను తిడుతూ. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు "కొత్త పాట మస్తుందన్నా" అంటే, తనదే అన్నట్టు తలూపేవాడు.

అరవై దాటాక, భార్గవ్ పోయాడని తెలిసి దినాలకు వెళ్లాడు. ఫొటోకు దండ వేసి, భార్గవ్ భార్య మౌనిక దగ్గర కూర్చున్నాడు.

"నేను తిట్టుడు బంద్ జేసి ముప్పై ఏండ్లాయె చెల్లె. అవన్నీ మిషిన్ పాటలు."

మౌనిక ఫొటో మీది దండ సరిచేసింది.

"మాకెట్ల తెలుస్తదన్నా? కొత్త పాట వచ్చినప్పుడల్లా ఆయన చివరిదాంక ఇంటుండె. ఈసారన్న నా గురించి ఒక్క మాట మంచిగంటడేమోనని."

ఆ ముప్పై ఏళ్లూ ఆ ఇల్లు నితిన్ దుకాణానికి రెండు బస్ స్టాపుల దూరంలోనే ఉంది.