గోడలో దేవుడు

"నాతో ఒక్క మాటైనా అనకుండా ఇల్లు చూసొస్తారా!"

పాత ప్రార్థన మందిరంలో అడుగుపెడుతూనే అత్తగారు అరిచిన అరుపది. వందల ఏళ్ళనాటి రాతి గుమ్మటం ఆ అరుపును అందుకుని, గుండ్రంగా తిప్పి తిప్పి, గంభీరంగా కిందికి వదిలింది. మాట ఎవరికీ అర్థం కాలేదు. వెనక వరసలో ఇద్దరు మాత్రం కళ్ళు మూసుకుని చేతులు జోడించారు.

కాపలాదారు పరుగున వచ్చాడు. "ఇక్కడ దేవుడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదమ్మా."

"కోడలితో అసలే మాట్లాడను," అంటూ అత్తగారు విసవిసా వెళ్ళి, గోడవార రాతి అరుగు మీద చతికిలబడ్డారు. కోడలు ఎదుటి గోడ దాకా నడిచి వెళ్ళి, నుదురు ఆనించి నిలబడింది. ఆ మందిరంలో దేవుడు గోడల్లోంచి పలుకుతాడని పేరు. ఏం పలికాడో ఏ ఇద్దరూ ఒకేలా చెప్పరు.

"దేవా, అత్తయ్య మనసు మార్చు."

అత్తగారు ఉలిక్కిపడ్డారు. గుసగుస సరిగ్గా చెవి పక్కనే! చుట్టూ ఎవరూ లేరు. గొంతు మాత్రం కోడలిదే, గుండ్రటి గోడ వెంబడి పాకి వస్తోంది. ఇన్నేళ్ళూ జనం దేవుడి పలుకనుకున్నది ఎదుటి గోడ దగ్గరివాళ్ళ మొరేనన్నమాట!

ఆవిడకి ఒళ్ళు మండింది. గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి, గొంతు లావు చేశారు.

"బిడ్డా! మీ అత్త బంగారం. ఆవిడని విడిచి వెళ్ళకు."

అక్కడ కోడలు గతుక్కుమంది. అటూ ఇటూ చూసి, మళ్ళీ గోడకు ఆనుకుంది.

"విడిచి ఎక్కడికి దేవా? ఆయనా, నేనూ, అత్తయ్యా ముగ్గురం కలిసే వెళ్తాం. ఆవిడ మెట్లెక్కలేక ఆయాసపడుతుంటే కింది వాటా ఉన్న ఇల్లు వెతికాం. చెప్పనిస్తేగా!"

అత్తగారి కళ్ళు చెమర్చాయి. అప్పటికప్పుడే సరేననేద్దామనుకున్నారు గానీ, దేవుడి హోదా చేతిలో ఉండగానే నాలుగు విషయాలు తేల్చుకోవడం మేలనిపించింది.

"ఆవిడకు వేరే గది ఉందా?"

"ఉంది దేవా. వీధివైపు కిటికీ కూడా."

"వంటింట్లో ఎవరి మాట చెల్లుతుంది?"

"ఎప్పుడూ చెల్లేవాళ్ళదే."

దేవుడు అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"మరి... టీవీ ఏ గదిలో?"

"మీ గదిలోనే అత్తయ్యా. ఇక లేవండి, ఆ చల్లటి రాయి మీద కూర్చుంటే మళ్ళీ నడుం పట్టేస్తుంది."