విరగని బండి

దమ్దిన్ కొరడా రెండోసారి తగిలేసరికి లొచిన్ చెవి చిట్లి, రక్తం మెడమీదికి కారింది.

“ఒప్పుకోరా! చైనా తుక్కు మోటారుబండి అంటగట్టి నా తమ్ముణ్ణి చంపానని ఒప్పుకో!”

“తప్పు నా సరుకుది కాదు దమ్దిన్. ఈ బళ్ళు విరగవు.”

“మరి వాడి మెడ ఎట్లా విరిగిందిరా?”

తమ్ముడు పురెవ్ శవం పక్కనే ఉంది, ముఖంమీద నీలం పట్టుగుడ్డ కప్పి. తప్పిపోయిన గుర్రాల కోసం వాగు గట్టుమీద వేగంగా పోతుంటే, హ్యాండిల్ కింద ఫ్రేము రెండు ముక్కలై, అంత మనిషీ తలకిందులుగా రాళ్ళమీద పడ్డాడు. చుట్టూ మూగిన కాపరులకు అదేమీ వింతగా తోచలేదు. చైనా బండి అన్నాక విరగక ఏం చేస్తుంది?

ఆ చెడ్డపేరు లొచిన్ చేతులమీదుగా వచ్చిందే. చైనా సరిహద్దు దాటి విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చే బళ్ళను బిగించి అమ్మడమే అతని బతుకు. మొదట్లో వచ్చినవి నిజంగానే దిక్కుమాలినవి. గొట్టాలు రేకుల్లా ఉండేవి, అతుకులు ఉమ్మితో అంటించినట్టుండేవి. పెళ్ళాన్నీ, పిల్లల్నీ, ఒక గొర్రెనూ ఎక్కించుకుంటే బండి నడుం వంగిపోయేది. “మా తాత రష్యా బండే నయం, అది ఆగిపోయేదే గాని చంపేది కాదు” అని జనం ఎగతాళి చేసేవారు. తర్వాత్తర్వాత గొట్టాలు మందమయ్యాయి, అతుకులు గట్టిపడ్డాయి. ఇప్పుడొచ్చే బండిని కొండమీంచి దొర్లించినా హ్యాండిల్ వంకరపోతుందేమో గాని ఫ్రేము విరగదు. లొచిన్ ఈ మాట చెప్పని గుడారం లేదు, నమ్మినవాడూ లేడు. ఒకసారి బండి చేతిలో నడుం విరగ్గొట్టుకున్నవాడు గొట్టం మందం కొలిచి చూస్తాడా?

దమ్దిన్ బూటుకాలితో డొక్కలో తన్నాడు. లొచిన్ వెళ్ళి విరిగిన బండి పక్కనే బోర్లా పడ్డాడు.

“చాలు, చాలు, చచ్చేట్టున్నాడు,” అన్నాడు ఊరి పోలీసు, అప్పుడే తన బండి దిగి. “లొచిన్ గారూ, లేవండి. బళ్ళ సంగతి మీకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలీదు. చూసి చెప్పండి, ఇది ఎట్లా విరిగింది? మీరేం చెబితే అదే రాసుకుంటాను.”

“వాడేం చెబుతాడు, వాడి సరుకే కదా!” అని దమ్దిన్ అరిచాడు.

లొచిన్ ఊడిన పన్ను ఉమ్మేసి, ట్యాంకు కిందికి తల దూర్చాడు. విరిగినచోట గొట్టం సగందాకా నున్నగా ఉంది, వరసగా సన్నటి గీతలు. పైన గ్రీజు పూశారు గాని అతని కంటికి దాగలేదు. మిగతా సగమే చీలి విరిగింది. ఎవరో రంపం పెట్టి కోశారు.

పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఆ ఒక్క ముక్క చెబితే తనూ బతుకుతాడు, తన దుకాణమూ బతుకుతుంది. నోరు తెరవబోయాడు.

అప్పుడు కనిపించింది ఖొర్లో, పురెవ్ పెళ్ళాం. పెదవి చిట్లి ఉంది, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. పురెవ్ తాగొచ్చి ఆమెను గొడ్డును బాదినట్టు బాదుతాడని అందరికీ తెలుసు. ఇదేమిటని ఒక్కడూ అడగలేదు, లొచిన్‌తో సహా. ఇప్పుడామె ఏడవడం లేదు. తెరిచి ఉన్న ఆ ఒక్క కంటితో రెప్ప వెయ్యకుండా అతని ముఖంలోకే చూస్తోంది.

రంపం కోత అని నోరు జారితే ముందు ఎవరిని పట్టుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. ఈ దమ్దిన్ చేతికి చిక్కితే ఆ పిల్ల జైలుదాకా కూడా పోదు. పడ్డది చాలు దీనికి, అనుకున్నాడు.

“తప్పు నాదే,” అన్నాడు. “పాత ఫ్రేము. కొత్త రంగేసి అమ్మాను.”

ఆపైన ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో అతనికి తెలియదు. గుర్రాలను పట్టే వాసం వీపుమీద విరిగింది. చేతివేళ్ళు ఎవరి బూటుకిందో పటపటమన్నాయి. పోలీసు అడ్డంపడి ఈడ్చుకుపోయేదాకా వదల్లేదు. దమ్దిన్ కసి అంతటితోనూ తీరలేదు. తమ్ముణ్ణి మింగిన ఇనుము కళ్ళబడకూడదంటూ, ఆ ఫ్రేమును గొడ్డలి వెనకవైపుతో చితక్కొట్టి, ముక్కలన్నీ వాగులోకి విసిరేశాడు.

లొచిన్ లేచి కూర్చోగలిగిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఖొర్లో దుకాణానికి వచ్చింది. గుమ్మం ముందు కొత్తబళ్ళు కాలి బొగ్గయి ఉన్నాయి. తగలబెట్టింది ఎవరని అతను ఎవరినీ అడగలేదు.

“ఎండు పెరుగు తెచ్చాను బాబాయ్. పళ్ళు లేవుగా, నానబెట్టుకు తిను.”

లొచిన్ నవ్వబోయి డొక్క పట్టుకున్నాడు. “ఇవన్నీ ఎందుకమ్మా?”

“గుడారం విప్పేశాం. మా గుర్రాల్నీ నన్నూ బావగారు దక్షిణానికి తోలుకుపోతున్నారు. ఇకనుంచి నేను ఆయన గుడారంలోనే.”

“మొరటోడే గాని వాడికి తమ్ముడంటే ప్రాణం. నీకో అండ దొరికింది.”

ఖొర్లో అతన్ని వింతగా చూసింది. “ఆ రోజు ఫ్రేములో కోత నీకు కనబడింది. నీ మొహం చూస్తేనే తెలిసింది నాకు. ఎందుకు చెప్పలేదు బాబాయ్?”

“నీ కోసమేనమ్మా. నువ్వు చేసింది తప్పని నేననను.”

ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

“నేనా? బాబాయ్, కోస్తుంటే చూశాను గాని, బాగుచేస్తున్నారనుకున్నా! తర్వాత నోరు తెరిస్తే, దెబ్బలకు తాళలేక నేనే చేశాననేవాళ్ళు. నీ మాటైతే నమ్ముతారని, చెప్పవా, చెప్పవా అని నీ మొహంలోకే చూస్తూ నిలబడ్డాను!”

“మరి... కోసిందెవరు?”

“ఏయ్ ఖొర్లో, ఇంకా ఎంతసేపు?” బయటినుంచి దమ్దిన్ కేకేశాడు.

“ఆ పిలుస్తున్నవాడే,” అంది ఖొర్లో.